గాజు కింద నలక

ముప్పై ఏళ్లుగా విజయవాడ వన్‌టౌన్‌లో ఫ్రేములు కడుతున్నాను. దేవుళ్లు, పెళ్లిళ్లు, పోయినవాళ్లు... ఎవరి బొమ్మైనా నాకు నాలుగు చెక్కల పనే. ఆ మధ్యాహ్నం మోకాళ్లు సలుపుతున్నాయి, కళ్లు మూతలు పడుతున్నాయి. ఇంకొక్కటి కట్టేసి ఇంటికి పోదామనుకున్నాను.

ఆ ఒక్కటీ సంపూర్ణమ్మగారిది. భర్త జయపాల్‌గారు ఆర్టిస్టు. నిరుడు, ఇబ్రహీంపట్నంలోని ఇంట్లో తను బొమ్మలేసుకునే గదినే నల్ల ఇంకుతో గీసి, ఆ వారమే పోయారు. మోడరన్ ఆర్టట. బల్ల ఒరిగిపోయి ఉంది, కిటికీ వంకర, స్టూలుకు మూడు కాళ్లే. నాకేం నచ్చలేదు. ఆవిడ ముఖం చూసి ఆ మాట అనలేకపోయాను.

"రేపు ఏడాది ప్రార్థన కూడిక, ఇష్తియాక్ గారూ. పొద్దున్నే మా అమ్మాయి రుచిత వచ్చి తీసుకెళ్తుంది," అన్నారావిడ. "ఆయన పోయాక ఆ గది తలుపే తియ్యలేదండీ. ఇప్పుడెళ్లి ఊడ్చాలి."

ఆవిడ ఇల్లు చేరేంతసేపూ నేను చెక్కలు కోస్తూనే ఉన్నాను. గాజు తుడిచి, వెనక అట్టపెట్టి, మేకులు కొట్టి తిప్పి చూస్తే, బొమ్మలో గుమ్మం దగ్గర నలక! మా పనిలో ఇంతకు మించిన చిరాకు లేదు. మేకులు పీకి, బ్రష్‌తో దులిపి, మళ్లీ బిగించాను. నలక పోలేదు. బల్ల దగ్గరికి జరిగింది.

మళ్లీ విప్పాను. మళ్లీ బిగించాను. ఈసారి స్టూలు పక్కన.

ఒళ్లు మండింది. ఒకరి బొమ్మ మీద బ్లేడు పెట్టకూడదని తెలుసు. విసుగులో పెట్టాను. గీకేశాను. ఎండిన మచ్చైతే పొడిలా లేస్తుంది. ఇది తడిగా వచ్చింది. చిక్కగా... గోరువెచ్చగా. తలకు రాసుకునే కొబ్బరినూనె వాసన.

చెయ్యి తుడుచుకుని మేకులు కొట్టేశాను. పీడా వదిలిందని సంతోషించాను కూడా.

ఫోను మోగింది. రుచిత.

"అంకుల్, అమ్మ మళ్లీ మీ షాపుకొచ్చిందా?"

"లేదమ్మా. ఏం?"

"నాన్న గది ఊడుస్తానని లోపలికెళ్లింది. నేను హాల్లోనే ఉన్నా, బయటికి రాలేదు. చీపురు స్టూలు పక్కన పడుంది. అమ్మ లేదు."

స్టూలు పక్కన... నా చేత్తో నేనే... బ్లేడు వైపు చూడాలంటే భయమేసింది. బొమ్మ వైపు చూశాను.

గుమ్మంలో ఇంకో నలక.

"రుచితా, ఎక్కడున్నావ్?"

"గుమ్మం దగ్గర."

"లోపలికెళ్లకు. నా మాట విను తల్లీ... వెనక్కి వచ్చెయ్."

రుచిత గుసగుసగా అంది.

"అంకుల్... లోపల్నించి అమ్మ పిలుస్తోంది."

నలక కదిలింది. దాన్ని ఆపాలని గాజు మీద అరచెయ్యి అదిమిపెట్టాను.

గాజుకి అటువైపు నుంచి ఇంకో అరచెయ్యి వచ్చి నా చేతికి ఆనింది.