కోటు ఇంటికొచ్చిన రోజు

పిల్లలూ, మీ మేనత్త క్రిమినల్ లాయరని మీకు తెలుసు. కానీ తన నల్లకోటును ఆమె ఎందుకు ఇంటి గడప తొక్కనిచ్చేది కాదో మీకెవరూ చెప్పి ఉండరు.

కోర్టులో మగ లాయరు బల్ల గుద్ది అరిస్తే పౌరుషమనేవారు. ఆమె కంట నీరు తిరిగితే వారమంతా అదే కబురు. అందుకని కేసు పోయినప్పుడల్లా ఆడ లాయర్ల గదిలో కోటు విప్పి, దాని చేతుల్లో మొహం దాచుకుని, చప్పుడు కాకుండా ఏడ్చి, కొక్కేనికి తగిలించి ఇంటికొచ్చేసేది. ఏళ్ల తరబడి అదే అలవాటు.

ఆ రోజు ఆమె వాదించిన మనిషికి యావజ్జీవం పడింది. ఏ పాపం ఎరగడని ఆమె గట్టిగా నమ్మిన మనిషి.

బయట తోటి లాయరు నవ్వాడు. "ఏం మేడమ్, కళ్లు ఎర్రబడ్డాయే?"

"దుమ్ము పడింది లెండి. మీ నోట్లోనూ పడేలా ఉంది, మూసుకోండి."

తీరా చూస్తే గదికి తాళం. "రిపేరట మేడమ్. రేపు రండి," అన్నాడు అటెండరు.

ఒళ్లు మండిపోయింది. ఏడవడానికి కూడా చోటు లేని ఉద్యోగం! కోటు ఇంటికి మోసుకొచ్చి, తలుపు వెనక విసురుగా తగిలించింది.

సాయంత్రం. పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. ఇల్లంతా ఆరని బట్టల ముక్కిన వాసన. ముందుగదిలో కూతురు ఎవరితోనో గుసగుసలాడుతోంది.

"ఎవరితోనే?"

"తలుపు వెనక ఆంటీతో. ఎంత ఊరుకోమన్నా ఏడుపు ఆపట్లేదమ్మా."

తలుపు లాగింది. కోటు. అంతే.

బొత్తాలు మెడ దాకా పెట్టి ఉన్నాయి. ఆమె పెట్టలేదు. పిల్లకు అందదు. కోటు చేతుల చివర నుంచి నీళ్లు... చుక్క... చుక్క...

పిండింది. నేల తడిసింది. మళ్లీ పిండింది. ఇంకా కారుతూనే ఉంది...

"ఏమందే నీతో? చెప్పు!"

"తనలో ఇంక చోటు లేదంది. నీ దగ్గర ఖాళీ ఉందా అనడిగింది."

"నువ్వేమన్నావు?"

"ఉందన్నాను."

చేతిలోని కోటు ఒక్కసారిగా తేలికైంది. పొడిగా... ఎండలో ఆరేసినట్టు. పిల్ల నవ్వింది. దాని గౌను చేతుల నుంచి... చుక్క.

ఆ పిల్లే మీ వదిన. ఆ తర్వాత దాని ఏడుపు ఎవరూ వినలేదు. ఎంత ఎండలోనైనా అరచేతులు తడిగానే ఉంటాయి.

ఈ సంగతి మీ చిన్నవాళ్లకూ చెప్పండి. ఏడుపొస్తే దాచుకోకుండా ఏడవమనండి. వదిన ఎప్పుడైనా చెయ్యి పట్టుకుని, "నీ దగ్గర ఖాళీ ఉందా?" అనడిగితే...

లేదనమనండి.