దగ్గే గడియ

"వచ్చే ఉగాదికల్లా ప్రతి స్నానాలగదికీ తలుపు, ప్రతి తలుపుకూ గడియ." 2041లో మిరప కంపెనీ తన కూలీల లైను ఇళ్ళ గోడమీద రాయించిన మాట ఇది. తలుపు వచ్చింది. గడియకు మాత్రం మూడు ఉగాదులు దాటినా దారి తెలియలేదు.

2044 జూలైలో, అదే కంపెనీ ఆస్పత్రిలో, డాక్టర్ మేధిని, దేవకరుణ అనే కూలీ గొంతు కింద అతికించిన బిళ్ళను తీసి స్క్రీన్‌కు తగిలించింది. మిరపకాయల తొడిమలు తీసీ తీసీ పదకొండేళ్ళుగా దగ్గుతున్న మనిషి దేవకరుణ. ఆ బిళ్ళ పేరు కాఫ్ కౌంటర్. బారెడు దూరంలోపు వినిపించే ప్రతి దగ్గునూ లెక్కపెడుతుంది. నవ్వునూ తుమ్మునూ వదిలేస్తుంది. కొత్త మాత్రతో ఎనిమిది వారాల్లో అంకె సగానికి పడితే మాత్ర ఇస్తూనే ఉంటారు, లేదంటే ఆపేస్తారు. ఆ సంగతి తేల్చే కమిటీ ఆగస్టు 31న కూర్చుంటుంది.

మొదట్లో రోజుకు నాలుగు వందల పన్నెండు. ఇప్పుడు మూడు వందల తొంభై.

"మందు పనిచేయలేదమ్మా," అంది డాక్టర్.

"చేసింది డాక్టరమ్మా. ఇన్నేళ్ళకు వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నాను."

"నేను నమ్ముతాను. కమిటీ అంకెనే నమ్ముతుంది."

నమ్ముతుంది మరి. గొంతున్న మనిషి చెబితే కబురు, గొంతుకు అతికించిన బిళ్ళ చెబితే సాక్ష్యం. ఆస్పత్రి గుమ్మం మీద మాత్రం 'ప్రజల కోసమే విజ్ఞానం' అని రంగుల బోర్డు.

గ్రాఫు చూసి డాక్టర్ ఆగిపోయింది. పొద్దున ఐదు నుంచి ఏడు దాకా కొండ, ఆ తర్వాత రోజంతా చదును నేల. ఆ రెండు గంటలూ ఏం చేస్తారని అడిగితే, దేవకరుణ ముందు తల దించుకుని, తర్వాత నవ్వేసి చెప్పింది. లైనులో ఆడవాళ్ళు ఇరవైఆరుగురు, స్నానాలగది ఒకటి. తలుపు పక్కన పీట వేసుకుని కూర్చునేది ఆమే. మగమనిషి మలుపు తిరిగితే దగ్గుతుంది. ఆ దగ్గు అందరికీ తెలుసు, ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోతారు. జబ్బున్నన్నాళ్ళూ అది దానంతటదే వచ్చేది. నయమయ్యాక పనిగట్టుకుని తెచ్చుకోవలసి వస్తోంది.

నోటితో చెప్పకూడదా అంది డాక్టర్.

"మేస్త్రీని ఆగమని నేను అనగలనా? దగ్గితే ఎవరికీ కోపం రాదు."

"పోనీ, మళ్ళీ కొలిచే రెండు రోజులు దగ్గకుండా ఉండండి. మాత్ర దక్కుతుంది."

"నాకు మాత్ర దక్కుద్ది. లోపలున్న పిల్లకి?"

డాక్టర్ బిళ్ళను మళ్ళీ ఆమె గొంతు కింద అతికించి, రిపోర్టులో 'అవసరమైన చికిత్స: ఒక గడియ, నాలుగు స్క్రూలు' అని రాసి పంపింది. గడియ మందుల జాబితాలో లేదని మూడో రోజుకల్లా తిరిగొచ్చింది.

మర్నాడు పొద్దున దేవకరుణ తన బిళ్ళను స్నానాలగది తలుపుకు అతికించింది. ఇరవైఆరుగురూ తలుపు దగ్గర వంతులవారీగా దగ్గారు. ఆరున్నరకల్లా అంకె రెండు వేలు దాటింది. బిళ్ళ పంపిన అంకె చూసి, రోగి పరిస్థితి విషమంగా ఉందని ఆస్పత్రి యంత్రం తనంతట తానే అంబులెన్సు పంపింది. డ్రైవరు స్ట్రెచరుతో మలుపు తిరిగాడు. దేవకరుణ దగ్గింది. అతను నిలబడిపోయాడు.

చివరి మనిషి స్నానం చేసి వచ్చాకే అతన్ని రానిచ్చారు. రోగి ఎవరని అడిగితే తలుపు చూపించారు. దానిమీద కాగితం:

"రోగి: తలుపు. జబ్బు: మూడేళ్ళది. మా దేవకరుణ జబ్బు తగ్గింది, దీనిది తగ్గలేదు. మందు ఎప్పుడు వేస్తారో 2044 ఆగస్టు 30లోగా జవాబు చెప్పాలి."