జేబులో దాచాలనుకున్న మామిడికాయ

భూమి నుంచి ఆ కబురు వచ్చేసరికి ఇందీవర పెసరట్టు తిరగేస్తోంది. అంగారకుడి మీద పెసరట్టు ఎప్పుడూ కాస్త మందంగానే వస్తుంది. అయినా కౌస్తుభ్ ప్రతిసారీ లొట్టలేసుకుంటూ తింటాడు. పెళ్లై నెల కూడా కాలేదు మరి.

"ఇందూ, ఒప్పేసుకున్నారు!" అతను తెర మీది సందేశం చదువుతూ అరిచాడు. "నీ యంత్రానికి అనుమతి వచ్చింది. రేపటి నుంచే అందరికీ పరీక్ష!"

అట్టు మాడింది. ఇద్దరూ పట్టించుకోలేదు.

ఆ యంత్రం పేరు తొలితలపు మాపకం. ఏదైనా చూసిన మొదటి అరసెకనులో, మర్యాదా భయమూ ఇంకా అడ్డురాకముందే, మెదడులోని న్యూరాన్ల సంకేతాలను అది టోపీ ద్వారా చదువుతుంది. తలపు ఇతరులకు మేలు చేసేదైతే ఆకుపచ్చ దీపం, కీడు చేసేదైతే ఎరుపు. మనిషి పుట్టుకతో మంచివాడా, చెడ్డవాడా అన్న పాత తగువు దీనితో తీరిపోతుందని ఇందీవర నమ్మకం. అందరూ ఆకుపచ్చ అయితే వాళ్లుండే అరుణగిరి నివాసంలో ఆహారపు గిడ్డంగుల తాళాలు తీసేస్తారు. ఎరుపు వచ్చినవాళ్లు మాత్రం తర్వాతి నౌకలో భూమికి వెళ్లిపోవాలి. ఆ నిబంధన పెట్టమన్నదీ ఆమే. నివాసపు సభలో పెద్దలంతా దానికి చెయ్యెత్తారు.

"మొదటి పరీక్ష మా ఆయనకే," అంటూ ఆ సాయంత్రమే ఆమె ప్రయోగశాలలో కౌస్తుభ్ నెత్తిన ముచ్చటగా టోపీ పెట్టింది.

టోపీ అతని కళ్ల ముందు ఓ దృశ్యం నిలిపింది. హరితగృహంలో కాసిన మొట్టమొదటి మామిడికాయ. చుట్టూ ఎవరూ లేరు.

ఎర్ర దీపం వెలిగింది.

ఇందీవర నవ్వు సగంలో ఆగిపోయింది. "కారణం?"

"అందరికీ చెందిన కాయను జేబులో దాచాలనుకున్నారు," అంది మాపకం.

"ఛ! దొంగతనమా?"

"నీ కోసమేనే!" అన్నాడు కౌస్తుభ్ బిక్కమొహంతో. "ఉప్పూ కారం అద్దుకుని తినాలనుందని మొన్న నువ్వే అన్నావుగా."

ఆమెకు ముద్దొచ్చింది. వెంటనే భయమూ వేసింది. "మాపకం, ఎవరి కోసమో కూడా లెక్కలోకి తీసుకో."

"తీసుకున్నాను. మీ వైపు నుంచి చూస్తే ఆకుపచ్చ. మిగతావాళ్ల వైపు నుంచి ఎరుపు. తలపు మాత్రం ఒక్కటే."

ఇందీవర అతని టోపీ తీసి తన తలకు పెట్టుకుంది. తెర మీద కౌస్తుభ్ ఫలితం ఇంకా మెరుస్తూనే ఉంది.

మళ్లీ ఎరుపే.

"ఈ ఫలితాన్ని చెరిపేయాలనుకున్నారు. అతని కోసం," అంది మాపకం.

"అబ్బో, నాకన్నా పెద్ద దొంగవే!" అన్నాడు కౌస్తుభ్. అంతలోనే గొంతు తగ్గించాడు. "మరి నౌక ఎక్కాల్సిందేనా?"

"ఎక్కాల్సి వస్తే ఇద్దరం ఎక్కుదాం. కానీ యంత్రం తప్పు చెప్పలేదు, కౌస్తుభ్. మన అనుకున్నవాళ్లకు మనం మంచివాళ్లం. తప్పల్లా నా నిబంధనదే."

ఫలితాలు రెండూ చెరపకుండా భద్రపరిచి ఆమె సభ అధ్యక్షురాలికి ఫోన్ చేసింది.

"మేడమ్, రేపు పొద్దున పరీక్ష నివాసులకు కాదండీ. ముందు మా ఇద్దరి ఎరుపూ అందరికీ చూపిస్తాను. తర్వాత ఆ నిబంధనకు చెయ్యెత్తిన పెద్దలంతా టోపీ పెట్టుకోవాలి, మొదట మీరే. దీపం ఎర్రగా వెలిగితే ఒక్కటే అడుగుతాను: ఎవరి కోసం?"