వెనక్కి తీసుకున్న కంప్లైంట్

టెక్నీషియన్ రికార్డింగ్ గదిలోకి వచ్చేసరికి ఆమె మైకు ముందు తల పట్టుకుని కూర్చుని ఉంది. చూపులేని విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేయడం ఆమె ఉద్యోగం. పరీక్షలు పన్నెండు రోజుల్లోకి వచ్చాయి. చరిత్ర పుస్తకంలో ఇంకా ఐదు పాఠాలున్నాయి. కంప్యూటర్‌లోని ఫ్యాన్ మాత్రం పిండిమరలా మోత పెడుతోంది. ఆ మోతంతా ఆమె గొంతుతో పాటే రికార్డవుతోంది.

"ఒకసారి ఆపి ఆన్ చేశారా?" అన్నాడతను.

"పొద్దున్నించి నాలుగుసార్లు. ఐదోసారి మీ చేత్తో చేస్తే వింటుందేమో, చేయండి."

అతను నవ్వు ఆపుకుని కుర్చీ లాక్కున్నాడు. టాస్క్ మేనేజర్ తెరిచాడు. ప్రాసెసర్ వాడకం తొంభై ఎనిమిది శాతం.

"అప్‌డేట్ అండి. సగం దిగి ఆగిపోతోంది, మళ్లీ మొదటికొస్తోంది. మెషిన్ అంతా దాని వెనకే పరిగెడుతోంది."

"అయితే అసలు అప్‌డేట్లే రాకుండా ఆపేయండి."

"అది మాత్రం చేయను."

"ఎందుకని?"

"రేపు ఏ వైరసో దూరితే మీరు చదివినవన్నీ పోతాయి. రెండు గంటలివ్వండి, సరిచేసిస్తాను."

"రెండు గంటల్లో నేను ఒక పాఠం చదివేస్తాను."

"ఈ మోతలోనా?"

ఆమెకు ఒళ్లు మండింది. వరండాలోకి వెళ్లి, అతను పనిచేసే రిపేరు షాపుకి ఫోన్ చేసింది. చెప్పిన పని చేయడం లేదని, పైగా ఎదురు మాట్లాడుతున్నాడని కంప్లైంట్ ఇచ్చింది.

తిరిగొచ్చేసరికి అతను అప్‌డేట్ సర్వీసు కాసేపు ఆపి, సగం దిగి పాడైన ఫైళ్లు చెరిపేసి, మళ్లీ కొత్తగా మొదలుపెట్టాడు. బయట వాన పడుతోంది. చేసేదేం లేక ఆమె తర్వాతి పాఠం మెల్లగా పైకి చదువుకుంది.

"పాఠంలో ఆ రాజు పేరు వచ్చినప్పుడల్లా మీ గొంతులో జాలి వినిపిస్తోంది," అన్నాడతను తల తిప్పకుండానే.

"జాలి పడకూడదా?"

"పడొచ్చు. యుద్ధంలో ఓడిపోయింది ఆయనే కదా."

ఇన్నాళ్లూ ఆమె చదివేది ఎవరూ అంత శ్రద్ధగా విన్నట్టు లేదు.

రీస్టార్ట్ అయ్యాక ప్రాసెసర్ నాలుగు శాతానికి దిగింది. ఫ్యాన్ చప్పుడు పోయి వాన చప్పుడు వినిపించింది.

"ఇకనుంచి మీరు భోజనానికి వెళ్లే గంటలోనే అప్‌డేట్ తన పని చేసుకుంటుంది," అని చెప్పి అతను బ్యాగు సర్దుకున్నాడు. కంప్లైంట్ సంగతి చెప్పాలనుకుంది. వాన తగ్గాక వెళ్లమని మాత్రం అంది.

ఐదు పాఠాలూ తొమ్మిది రోజుల్లో పూర్తయ్యాయి. ఆ మర్నాడు ప్రింటర్ బాగుచేయడానికి వేరే టెక్నీషియన్ వచ్చాడు.

"మొన్న వచ్చినాయన రాలేదా?"

"ఎవరో కంప్లైంట్ ఇచ్చారటండీ. షాపు వాళ్లక్కదే, అయినా బయటి పనులకు పంపడం లేదు. కూర్చోబెట్టి పాత కీబోర్డులు తుడిపిస్తోంది."

సాయంత్రం ఆమె ఆ షాపు వెతుక్కుంటూ వెళ్లింది. కౌంటర్ దగ్గర అతని అక్క ఉంది.

"కంప్లైంట్ వెనక్కి తీసుకోవాలండీ."

"ఏమని రాసుకోను?"

"ఆయన చేసిందే సరైనదని. తప్పు నాదని."

అక్క ఆమెను ఎగాదిగా చూసి, లోపలికి కేకేసింది. "ఒరేయ్, నీ మీద కంప్లైంట్ కాళ్లతో నడిచొచ్చిందిరా."

అతను ఒక చేత్తో కీబోర్డు, ఇంకో చేత్తో గుడ్డ పట్టుకుని వచ్చాడు.

"ఫోన్లో చెప్తే సరిపోయేది. ఇంత దూరం ఎందుకొచ్చారు?"

"ఫోన్ చేసే కదా చెడగొట్టాను." ఆమె అతని చేతిలోని కీబోర్డు వైపు చూసింది. "పైగా ఫోన్లో మీరు కనిపించరు."

అతను తుడిచిన అక్షరాన్నే మళ్లీ తుడిచాడు.

"మీ మెషిన్ మళ్లీ పాడైతే బాగుండునని రెండుసార్లు అనుకున్నాను. నా పనికి నేనే శాపం పెట్టుకున్నట్టు."

"పాడవకపోయినా రావచ్చు."

"వచ్చి ఏం చెప్పను?"

"నన్ను చూడ్డానికొచ్చానని చెప్పండి."

అతను గుడ్డ పక్కన పెట్టాడు. "రేపు వస్తాను."

అక్క రిజిస్టరు మూసి లేచింది. "నేను టీ తాగొస్తాను. షాపు చూస్తూ ఉండు."

టీ కొట్టు ఎదురుగానే ఉంది. అక్క గంటన్నరకు గానీ తిరిగి రాలేదు.