మూడు గంటల భద్రాచలం బస్సు

బుల్లెట్ బండి చప్పుడు!

సుబ్బరత్నం కూతుర్ని లాక్కుని తునికి పొదల్లోకి పడిపోతుంది.

మిట్టమధ్యాహ్నం. పంతొమ్మిది వందల ఎనభై రెండు, మే నెల ఎండ. ఊళ్ళన్నీ బీడీలు చుట్టే తునికాకు కోతకి అడవిలోకి పోయాయి. పిలిస్తే పలికే మనిషి లేడు...

ములకలపల్లి రోడ్డు మీద బండి నెమ్మదిగా పోతోంది. వెతుకుతోంది.

వెంకటరామారావు. ఆమె భర్త.

ఎనిమిదేళ్ళుగా తనని కొడితే ఓర్చుకుంది. నిన్న రాత్రి మొదటిసారి, వెలుగుతున్న సిగరెట్టుతో నిర్మల చెయ్యి పట్టుకున్నాడు. ఏడేళ్ళ నిర్మల చెయ్యి!

మూడు గంటలకి భద్రాచలం బస్సు. అక్కడ అక్క సుశీలమ్మ ఉంది. ఎక్కితే బతుకుతారు. దొరికితే... ఇద్దర్నీ చంపి అడవిలో పూడ్చినా అడిగేవాడు లేడు.

చప్పుడు దూరమైంది.

పరుగు!

రోడ్డు పక్కన పెంకుటిల్లు. పద్మావతమ్మది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి మిరప వేసుకున్న కుటుంబం. వరసకి పిన్ని. భర్త పోయాక పాలేరు రామన్న సాయంతో ఒంటరిగా సేద్యం చేయిస్తోంది. రామాయణం చదవనిదే మెతుకు ముట్టదు.

లోపలికి రమ్మంది. మజ్జిగ ఇచ్చింది. సుబ్బరత్నం వీపు మీద వాతలు చూసి కళ్ళొత్తుకుంది. బస్సు వచ్చేదాకా ఇక్కడే ఉండమంది. పెరట్లోకెళ్ళి రామన్నతో ఏదో చెప్పి వచ్చింది.

ఇప్పుడు పసుపు గిన్నె తెచ్చి కలుపుతోంది, సుబ్బరత్నాన్ని కాళ్ళకి రాసుకోమని. ముత్తైదువని ఉత్త కాళ్ళతో పంపకూడదట.

రెండూ నలభై.

బుల్లెట్ బండి చప్పుడు! వాకిట్లోనే!

"పిన్నీ... రామన్నని ఎక్కడికి పంపారు?"

పద్మావతమ్మ తలెత్తదు. "మొగుడికి తెలియకుండా ఆడది గడప దాటకూడదమ్మా. నేను సర్దిచెబుతాగా."

సుబ్బరత్నం చుట్టూ చూసింది.

నిర్మల ఏది?

మంచం కింద. పరికిణీ అంచు నోట్లో కుక్కుకుని. ఏడుపు బయటికి రాకుండా. ఎవరూ చెప్పలేదు... అలవాటు.

వెంకటరామారావు భుజాన ఉన్న అడవి పందుల వేట తుపాకిని వసారా గోడకి ఆనించాడు. చెప్పులు విడిచాడు. కాళ్ళు కడుక్కున్నాడు. పద్మావతమ్మకి దండం పెట్టాడు. పెళ్ళానికి మతి సరిగా లేదని, ఈ ఎండలో ఏమైపోతుందోనని బెంగపడ్డానని చెప్పుకున్నాడు.

తర్వాత ఒక్కసారి పిలిచాడు.

"నిర్మలా."

"ఆ, నాన్నా."

మంచం కింద నుంచి వచ్చేసింది! ఎదుట నిలబడి అరచెయ్యి చాపింది.

ఎవరూ చాపమనలేదు.

అరచేతిలో మూడు గుండ్రటి మచ్చలు. ఒకటి ఇంకా పచ్చిగా... పాతవి రెండూ పొయ్యి దగ్గర కాలాయని చెప్పేది పిల్ల. సుబ్బరత్నం నమ్మింది.

మొదటిసారి కాదు!

పద్మావతమ్మ ఆ చేతినే చూస్తోంది. ఇన్నేళ్ళు చదివిన పుస్తకంలో ఈ చేతికి జవాబు ఎక్కడుంది?

"బాబూ," అంది మెల్లగా. "మళ్ళీ చెయ్యెత్తనని దేవుడి ముందు ప్రమాణం చేసి తీసుకుపో."

అదెంత పని! వినయంగా దేవుడి గదిలోకి నడిచాడు. పటం ముందు చేతులు జోడించాడు.

ధడాల్!

తలుపు మూసేసింది పద్మావతమ్మ. బయట గడియ పెట్టింది.

"పొండి."

లోపల్నించి గుద్దులు. బూతులు. పాత తలుపు అదురుతోంది...

రోడ్డు మీద ఎర్రబస్సు! ముందే వచ్చేసింది! చెయ్యెత్తేవాళ్ళు లేరు. తల్లీకూతుళ్ళింకా వాకిట్లోనే ఉన్నారు. ఆగకుండా దాటిపోతోంది...

చీమనైనా తొక్కని పద్మావతమ్మ తుపాకి అందుకుంది. వాకిట్లోకి ఉరికి ఆకాశంలోకి ఎత్తింది.

ఢాం!

బ్రేకులు కీచుమన్నాయి. కండక్టర్ తల బయటపెట్టాడు.

"ఏందవ్వా, బస్సును గిట్ల కూడ ఆపుతరా?"

"మా అమ్మాయి, మనవరాలు. భద్రాచలం పోవాలి. మధ్యలో ఎక్కడా ఆపకు నాయనా."

ఎక్కారు. బస్సు కదిలింది. దుమ్ము... దుమ్ములో కలిసిపోయింది.

పద్మావతమ్మ తిరిగొచ్చి దేవుడి గది ఎదుట కూర్చుంది. తుపాకి ఒళ్ళో పెట్టుకుంది.

గుద్దులు ఆగాయి.

ఒంటిగొట్టం తుపాకి. ఒకటే తూటా. మోత వాడికీ వినపడింది.

"పిన్నిగారూ..." లోపల నవ్వుతున్నాడు. "అయిపోయిందిగా."

గడియ మేకులు ఒక్కొక్కటే ఊడుతున్నాయి...