మాట్లాడని కాకతువ్వకు పెళ్ళిచూపులు

ఉమాశ్రీకి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. గడప దాటితే నోరు విప్పని తన ఐదేళ్ళ కూతురు హారతి చదువు కూడా తన చదువులాగే మధ్యలో ఆగిపోతుందేమోనని. ఉమాశ్రీ బడి ఎనిమిదో తరగతితోనే సరి.

గోదావరి పుష్కరాలు వెళ్ళిన మరుసటి ఏడు, రాజమండ్రిలో ఓ ఆదివారం పొద్దున పెనం మీద పెసరట్టు తిప్పుతూ కూడా ఆమె అదే తలుచుకుంటోంది. ఇంట్లో గుసగుసగానైనా కబుర్లు చెప్పే పిల్ల, బడిలో హాజరు కూడా పలకదు. "ఇలాగైతే ఒకటో తరగతిలోకి తీసుకోవడం కష్టమండీ" అనేశారు టీచరుగారు.

దానికి విరుగుడు అత్తగారు బుల్లెమ్మ కనిపెట్టారు. మాట్లాడే పక్షి ఇంట్లో ఉంటే పిల్లకి మాటలొస్తాయట. ఉమాశ్రీ భర్త మణిశంకర్‌కి తెలిసిన వెంకటరాజుగారి దగ్గర, తణుకులో, రెండు కాకతువ్వలున్నాయి. మోకాళ్ళ నొప్పులతో రెండింటికీ చెయ్యలేకపోతున్నాననీ, మగదో ఆడదో నచ్చినదాన్ని పట్టుకెళ్ళమనీ ఆయన కబురంపారు.

"వర్జ్యం వెళ్ళాక బయల్దేరదాం. పట్టుచీర కట్టుకోవే ఉమా."

"పక్షిని చూడ్డానికి పట్టుచీరేంటమ్మా!" మణిశంకర్ నవ్వాడు.

"ఇంటికి కొత్త మనిషిని తెచ్చుకోవట్లేదూ? ఇవీ పెళ్ళిచూపులేరా."

అన్నంత పనీ చేశారు బుల్లెమ్మ. పళ్ళూ, కోవాబిళ్ళలూ సంచిలో సర్దుకుని మరీ దిగారు తణుకులో.

వరండాలో రెండు పంజరాలు. రెండింట్లోనూ పాలమీగడలాంటి తెలుపు.

"కళ్ళు చూడండమ్మా," అన్నారు వెంకటరాజుగారు. "నల్లగా ఉన్నాయంటే మగది. ఎర్రమట్టి రంగుంటే ఆడది."

మగపక్షి తలమీద కుచ్చు విప్పి, "రండి! కూర్చోండి! కాఫీ తాగుతారా?" అని అరిచింది.

బుల్లెమ్మ మురిసిపోయారు. "ఆయ్, తాగుతాం నాయనా! మర్యాద తెలిసిన పిల్లాడు. ఏదీ, అమ్మాయిని కూడా ఓ మాట పలకమనండి."

ఆడపక్షి పలకలేదు. మెడ లోపలికి లాక్కుని మూలకి జరిగింది.

"పేరైనా చెప్పవేంటే? కాస్త నడిచి చూపించు. అబ్బే, ఇది మనకొద్దండి రాజుగారూ. నోరు లేనిది ఇంట్లో ఒకటుంది, చాలదూ?"

హారతి తల్లి కొంగు చాటుకి వెళ్ళిపోయింది. ఉమాశ్రీ కూతురి తలమీద చెయ్యి వేసింది. కాపురానికొచ్చాక అత్తగారికి ఎదురు చెప్పి ఎరగదు.

"మాట్లాడకపోతే వద్దా అత్తయ్యగారూ? రేపు బడివాళ్ళూ నా పిల్లని ఇలాగే వద్దంటారు. మీరూ అంటే ఇంక అదెక్కడికెళ్ళాలి?"

మగపక్షి కూడా నోరు మూసుకుంది.

బుల్లెమ్మ చేతిలో సంచి కిందపెట్టేశారు. "నా నోరు పడిపోనూ! ఎంత మాటన్నాను! ఉమా, నీ పెళ్ళిచూపుల్లో నువ్వెన్ని మాటలాడావే? ఒక్కటీ లేదు. పిల్ల మూగదేమోనమ్మా అన్నాడు వీడు. ఆడేదాన్ని నేనున్నాను కదరా, వినేదొకతి కావద్దూ అన్నాను. నిన్ను ఏరికోరి తెచ్చుకున్నది నేనేనే!"

"నన్ను అడక్కుండానే ఖాయం చేసేసింది," అన్నాడు మణిశంకర్ నెమ్మదిగా.

ఏడుపు మధ్యలో ఉమాశ్రీకి నవ్వొచ్చింది. ఇన్నేళ్ళూ తను నచ్చింది మణిశంకర్‌కనీ, అత్తగారు సర్దుకున్నారనీ అనుకుంటూ వచ్చింది.

"ఊరుకోవే తల్లీ, నీకే చెప్పేది! ఊరుకో!" బుల్లెమ్మ గొంతు వీధి చివరికి వినిపిస్తోంది.

"నానమ్మా, అరవకు. దీనికి భయమేస్తోంది."

అందరూ తిరిగి చూశారు. హారతి ఆడపక్షి పంజరం ముందు కూర్చుని ఉంది. గుసగుస కాదు, గట్టిగానే అంది. పక్షి ఒక్కొక్క అడుగే వేసుకుంటూ ఊచల దగ్గరికొచ్చి, తలమీద కుచ్చు మెల్లగా విప్పింది.

"దీన్నేమీ అడక్కండి. అదే చెప్తుంది," అంది మళ్ళీ.

రోజూ ఎదురుపడిన ప్రతివాళ్ళూ 'పేరు చెప్పమ్మా' అంటూ పిల్ల మీద పడడం ఉమాశ్రీకి గుర్తొచ్చింది. వాళ్ళలో తనే మొదటిది.

"విన్నారా రాజుగారూ! నన్ను నోరు ముయ్యమంది నా మనవరాలు!" బుల్లెమ్మ కోవాబిళ్ళ తీసి వెంకటరాజుగారి నోట్లో కుక్కేశారు. "మాకు అమ్మాయి నచ్చిందండి. తాంబూలాలు మార్చుకుందాం!"

పంజరం ఎత్తుకుని మెట్లు దిగుతుంటే వెనకనుంచి మగపక్షి, "రండి! కూర్చోండి! కాఫీ తాగుతారా?" అంటూనే ఉంది. బుల్లెమ్మ గేటు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి చాలాసేపు దాన్నే చూశారు.

హారతి ఇప్పుడు బడిలో హాజరు పలుకుతోంది. పక్షి మాత్రం ఇంకా ఒక్క ముక్క మాట్లాడలేదు, దాన్నెవరూ అడగడమూ లేదు. ఉమాశ్రీకి ఇప్పుడు బెంగంతా ఆ రెండోదాని గురించే. అంత గలగలా మాట్లాడేదానికి ఏం లోటుంటుందిలే అని అందరూ వచ్చేశారు కదా. మీరెవరైనా తణుకు మీదుగా వెళ్తే, వెంకటరాజుగారింట్లో అదెలా ఉందో ఒక్కసారి చూసి రండి. కాఫీ తాగుతారా అంటుంది. తాగుతామనే చెప్పండి.