గోతాంలో మడత సైకిలు

"ఇదిగో నాయనా, వీళ్ళందరూ మా గ్రూపే" అంటూ అనుపమ ఫోన్‌ను రైలు పెట్టె అంతా తిప్పింది.

జూరిక్ నుంచి లూసర్న్ వెళ్ళే రైలు. పెట్టెలో ఊలు అల్లుకుంటున్న ముసలావిడ, ఒళ్ళో కుక్కపిల్లతో ఒక పెద్దమనిషి, పుస్తకాల్లో తలలు దూర్చిన మరో నలుగురు. తామంతా ఒకే టూరు గ్రూపులో ఉన్న సంగతి వాళ్ళలో ఒక్కరికీ తెలియదు.

ఫోన్‌లో ధనుంజయ కళ్ళు చికిలించి చూశాడు. ఆయన వెనకాల బియ్యం బస్తాలు కనిపిస్తున్నాయి. ఇక్కడ ఇంకా ఎండ కాస్తోంది గానీ, ఆత్మకూరులో హోల్‌సేల్ కొట్టు కట్టేసే వేళయింది.

"అందరూ తెల్లోళ్ళే ఉండారే. మన పక్కోళ్ళు ఒక్కరూ లేరా?"

అనుపమ గతుక్కుమంది. ఎదుటి సీటులో ఒక యువకుడు కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నాడు. చూస్తే మన పక్క మొహమే. ఫోన్ అతని మీదికి తిప్పింది.

"ఈయన ఉండాడు గదా. శ్రీలంకాయన. పేరు కుమార. తెలుగు ఒక్క ముక్క రాదు. నిద్రమొహం నాయనా, ఈయన వల్లే రోజూ గ్రూపంతా లేటు."

"పాపం, సరిగా తింటా ఉన్నట్టు లేడు. సర్లే పాపా, అందరితో కలిసే ఉండు. ఒక్కదానివే ఎక్కడికీ పోబాకు."

ఫోన్ పెట్టేసి అనుపమ ఊపిరి వదిలింది. ఎదుటి యువకుడు ఒక కన్ను తెరిచాడు.

"నేనెప్పుడు లేటు చేసినానండీ?" అన్నాడు.

అచ్చమైన నెల్లూరు తెలుగు. అనుపమ మొహంలో రంగులు మారాయి.

"మీరు... తెలుగువాళ్ళా?"

"ఉదయగిరి. పేరు పాల్. కుమార కూడా బాగానే ఉండాదిలెండి."

"మరి అప్పుడే చెప్పొచ్చు గదా?"

"ఒక్క ముక్క రాదని మీ నాయనకు చెప్పినాక మాట్లాడితే ఏం బాగుంటాది? మీకు మాటొస్తాది."

"దొంగనిద్ర పోతా విన్నారా మొత్తం?"

"శ్రీలంకాయన అన్న కాడ్నించి మాత్రమే."

అతను సీట్ల మధ్య ఉన్న మూట వైపు చూపించాడు. తెల్లటి ప్లాస్టిక్ గోతాం. దాని మీద ఎర్రటి తెలుగు అక్షరాలు: శ్రీ ధనుంజయ ట్రేడర్స్, మేలురకం బియ్యం, ఆత్మకూరు.

"స్టేషన్లో ఆ గోతాం చూసి కళ్ళు నులుముకున్నాను. దాని వెనకాలే నడిచి ఈ పెట్టె ఎక్కినాను. బియ్యం అమ్మేదానికి వచ్చినారా ఇంత దూరం?"

"బియ్యం కాదు. సైకిలు" అంది అనుపమ.

గోతాంలో ఉన్నది ఫోల్డింగ్ సైకిల్. చెన్నైలో ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆమెకు ఒకటే కోరిక. దాన్ని రైలెక్కించి దేశం కాని దేశం తిరగాలి, నచ్చిన స్టేషన్లో దిగి, విప్పుకుని తొక్కుకుంటూ పోవాలి. స్విట్జర్లాండ్ రైళ్ళలో సైకిలు విప్పి ఉంటే దానికీ టికెట్ కొనాలి. మడిచి ఉంటే మామూలు సామానే. దాని కవరు ధర చూసి కోమట్ల పిల్లకు మనసొప్పలేదు. కొట్లోంచి ఖాళీ గోతాం తెచ్చుకుంది.

కోరిక విన్న ధనుంజయ గ్రూపు టూరైతేనే పొమ్మన్నాడు. "ఈ ఒక్కసారి చూస్తాను. ఏదన్నా తేడా వచ్చిందో, ఇంక నీ ప్రయాణాలన్నీ నెల్లూరు దాకానే." అనుపమ గ్రూపు టూరుకు పేరిచ్చి, మర్నాడే కాన్సిల్ చేసుకుని, విమానం ఎక్కేసింది.

"తెలిసిందంటే నా పని అయిపోయినట్టే. రోజూ గ్రూపును చూపియ్యమంటాడు" అంది.

పాల్‌ను అతను పనిచేసే కంపెనీ వాళ్ళు జూరిక్‌కు ట్రైనింగ్‌కు పంపారు. అది అయిపోయింది. తిరుగు విమానానికి ఇంకా వారం ఉంది. చెయ్యడానికి పనేమీ లేదు.

"రోజూ కొత్తోళ్ళను వెతుక్కునేదానికన్నా, పాతోడు ఒకడు ఉంటే నమ్మకంగా ఉంటాది గదా" అన్నాడు.

"మీకేం లాభం?"

"నాకు కూడా గ్రూపు లేదు."

మర్నాడు అతను లూసర్న్‌లో పాత సామాన్ల అంగట్లో ఒక ఫోల్డింగ్ సైకిల్ కొన్నాడు. దానికి ఒకటే లోపం. అది మడతపడదు.

బలవంతంగా మడిచినా, రైలు కదలగానే టపీమని తెరుచుకునేది. టికెట్ కలెక్టరమ్మ వచ్చి, ఇది సామానా, సైకిలా అని ఇంగ్లీషులో అడిగేది. పాల్ జవాబు చెప్పేలోగా సైకిలే కాలు చాపి జవాబు చెప్పేది. అతను నోరు మూసుకుని సైకిలుకు టికెట్ కొనేవాడు.

"మీ ఉదయగిరోళ్ళు బేరం చేస్తే ఇట్లనే ఉంటాది" అని అనుపమ పడీపడీ నవ్వేది.

"మీ ఆత్మకూరోళ్ళు అమ్మితే కూడా ఇట్లనే ఉంటాదండీ."

సైకిలు కొన్న రోజు సాయంత్రం ఫోన్ వచ్చేసరికి ఇద్దరూ ఇంటర్‌లాకెన్ రైల్లో ఉన్నారు. ఈసారి ధనుంజయ పక్కన ఆయన తల్లి నాగేశ్వరమ్మ కూడా కూర్చుంది. టూరు వాళ్ళు అందరికీ తలా ఒక సైకిలు ఇచ్చారని అనుపమ చెప్పింది.

"సైకిలా?" అంది అవ్వ. "ఆ శ్రీలంక పిల్లోడికి చెప్పవే. మీ నాయన సైకిలు నేర్చుకుంటా పొయ్యి పొయ్యి మిరపకాయలు ఆరబోసిన కళ్ళంలో పడినాడు. పడినోడు గమ్మున లేస్తాడా, ఊడిపోయిన బ్రేకు కోసమని అందులోనే దొర్లినాడు. వారం దినాలు నిలబడే అన్నం తిన్నాడు."

అనుపమ ఇంగ్లీషులో చెప్పడానికి నోరు తెరిచింది. ఆమె ఇంకా మొదలు పెట్టనే లేదు, కుమార ఫక్కున నవ్వాడు. వెంటనే దగ్గాడు. కిటికీలోకి చూస్తూ ఇంకా దగ్గాడు.

"ఆయనకు జలుబు నాయనా" అంది అనుపమ.

"అట్టనా" అన్నాడు ధనుంజయ. ఆ దగ్గే మొహాన్ని కళ్ళు చికిలించి చూశాడు.

ఆ మర్నాటి నుంచి ఆయనకు శ్రీలంక కుర్రాడి మీద ప్రేమ ముంచుకొచ్చింది. ఫోన్ చేయగానే అతన్నే చూపించమనేవాడు.

"పాపా, మా పక్కన ఉదయగిరి అని ఒక ఊరుండాదని చెప్పు. అక్కడోళ్ళకు పని తక్కువ, కోట ఎక్కువ. తెల్లారి లేచి కొండ మీదికి చూసి, కోట ఉండాదా, ఉండాది అనుకుని మళ్ళా పడుకుంటారని చెప్పు."

పాల్ చెవులు ఎర్రబడ్డాయి. అనుపమ ఇంగ్లీషులో ఏదో గొణిగింది. పాల్ పళ్ళ మధ్య నుంచి "వెరీ నైస్ ప్లేస్" అన్నాడు.

ఇంకోనాడు మాటల మధ్యలో పాల్ జేబులో ఫోన్ మోగింది. రింగుటోను ఆదివారం చర్చిలో పాడే తెలుగు పాట. ఊరి నుంచి వాళ్ళమ్మ రెబెకమ్మ.

"ఆ పాటేంది పాపా?"

"శ్రీలంకలో కూడా ఉంటారు గదా నాయనా, క్రిస్టియన్లు."

"ఉంటారు, ఉంటారు. తెలుగులో పాడుకుంటా ఉంటారు కాబోలు."

కొడుకు భుజం మీది నుంచి అవ్వ ముందుకు వంగింది. "ఒసే, ఆ పిల్లోడికి పెళ్ళయిందేమో కనుక్కో."

అనుపమ పాల్ వైపు తిరిగి, అక్కడ వాన పడుతోందా అని అవ్వ అడుగుతోందని ఇంగ్లీషులో చెప్పింది. పాల్ ఆమె కళ్ళలోకి చూశాడు.

"నాట్ యెట్. బట్ క్లౌడ్స్ ఆర్ దేర్" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక ఆమె చాలాసేపు కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. మొహంలో నవ్వు కనిపించకూడదని.

చివరి రోజు ఒక చిన్న స్టేషన్లో నిజంగానే వాన పట్టుకుంది. ప్లాట్‌ఫారం రేకు కింద ఇద్దరూ, రెండు సైకిళ్ళూ. జూరిక్ రైలు వస్తోంది. అది ఎక్కితే అనుపమ ఎయిర్‌పోర్టుకు వెళ్ళిపోతుంది.

"నీ సైకిలు నాకియ్యి" అన్నాడు పాల్. అండీ ఎప్పుడు పోయిందో ఇద్దరూ గమనించలేదు. "నీ టికెట్‌కు లగేజీ తక్కువ. నాది కంపెనీ టికెట్. నేను తెస్తాను."

"వచ్చేటప్పుడు నేనే తెచ్చుకున్నాను గదా."

"వచ్చేటప్పుడు చాక్లెట్లు లేవు. ఇప్పుడు మీ బజారంతటికీ కొన్నావు."

"తెచ్చి?"

"గోతాం మీద అడ్రసు రాసుండాది గదా. ఆ అడ్రసులో అప్పజెప్తాను."

"అక్కడ మా నాయన ఉంటాడు."

"ఆయన్ను చూసేదానికే వస్తాను."

అనుపమ నవ్వు ఆగిపోయింది. "మా నాయన ముందర నోరు తెరిచినావంటే నువ్వు శ్రీలంక కాదని తెలిసిపోతాది. గ్రూపు లేదని తెలిసిపోతాది. ఇంక నేను నెల్లూరు దాటను. తెలుసు గదా?"

"నువ్వు చెప్పమనేదాకా తెలుగులో మాట్లాడను."

"ఒట్టు?"

"ఉదయగిరి కోట మీద ఒట్టు."

మడతపడని సైకిలును స్టేషన్లో ఊడుస్తున్న ముసలాయనకు ఇచ్చేశారు. రైలు ఎక్కి వెనక్కి చూస్తే, ఆయన చేతిలో అది ఒక్క దెబ్బకు మడతపడింది.

* * *

పది రోజుల తర్వాత ఒక శనివారం ఉదయం పాల్ ఉదయగిరిలో ఆత్మకూరు బస్సెక్కాడు. గోతాం చూసి కండక్టర్ లగేజీ టికెట్ కొట్టాడు.

"మడిచి ఉండాది గదన్నా. స్విట్జర్లాండ్‌లో అయితే ఫ్రీ" అన్నాడు పాల్.

"స్విట్జర్లాండ్ బస్సు వెనకాల వస్తా ఉండాది. దాంట్లో ఎక్కు."

ఆత్మకూరు బజారులో కొట్టు వెతకక్కర్లేకపోయింది. గోతాం మీదున్న అక్షరాలే బోర్డు మీదా ఉన్నాయి. హమాలీ మునెయ్య ఎదురొచ్చి, తమ సరుకే అనుకుని గోతాం భుజానికెత్తుకున్నాడు. లోపల గంట ట్రింగుమంది. మునెయ్య ఉలిక్కిపడి దించేశాడు.

గల్లాపెట్టె ముందు కూర్చున్న ధనుంజయ తలెత్తాడు.

"రావయ్యా కుమార. ఎప్పుడొచ్చినావు శ్రీలంక నించి?"

పాల్ నమస్కారం పెట్టబోయి ఆగాడు. "గుడ్ మార్నింగ్ సర్" అన్నాడు.

"కూర్చో. మునెయ్యా, కాఫీ చెప్పు. పాపం, భాష రాదు. బస్సులో ఎన్ని తిప్పలు పడినాడో. ఉదయగిరి బస్సు గదా, దిగే చోటు అడిగితే కోట చూపిచ్చింటారు."

పాల్ నవ్వలేదు. ధనుంజయ లెక్క చూస్తున్నట్టు తల వంచి మళ్ళీ అన్నాడు.

"మా పాపకు కావలి నించి ఒక సంబంధం వచ్చింది మునెయ్యా. పిల్లోడు బాగుండాడంట. ఈ దినమే మాటిచ్చేద్దామనుకుంటా ఉండాను."

పాల్ అప్పుడే వచ్చిన కాఫీ గ్లాసు అందుకున్నాడు. నోరు తెరిచాడు. నోరు తెరిస్తే ఆ పిల్ల ప్రయాణాలు ఆగిపోతాయి. తెరవకపోతే పిల్లే పోతుంది. అతను కాఫీ ఒక్క గుక్కలో తాగేశాడు. నాలుక కాలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా తెలుగు ముక్క బయటికి రాలేదు.

ఇంట్లోకి పోయే గుమ్మంలో, సెలవుకు చెన్నై నుంచి వచ్చిన అనుపమ నిలబడి ఉంది. అంతా విన్నది.

"చాలు నాయనా. ఆయన కుమార కాదు. పేరు పాల్. ఉదయగిరి" అంది.

అనుపమ గుమ్మం దిగి కొట్లోకి వచ్చింది.

"గ్రూపు కూడా లేదు. ఒక్కదాన్నే పోయినాను. రైలు తప్పిపోయినాను, దారి తప్పిపోయినాను, పంక్చరు నేనే వేసుకున్నాను, మళ్ళా ఇంటికొచ్చినాను. అబద్ధం చెప్పింది తప్పే. పోవడం తప్పు కాదు. ఇంక నెల్లూరు దాకానే అంటావా, అను. అయితే కావలి సంబంధం మాత్రం వద్దు."

ధనుంజయ లెక్కల పుస్తకం మూసి పక్కన పెట్టాడు.

"కావలి నించి ఏ సంబంధమూ రాలేదు. ఈ పిల్లోడు ఎంతసేపు నోరు మూసుకుంటాడో చూద్దామనుకున్నాను. నాలుక కాల్చుకున్నాడు గానీ నీ మాట పోనీలేదు" అన్నాడు.

"నీకు తెలుసా?"

"ముప్పై ఏళ్ళుగా గిరాకీ మొహాలు చదవతా బతకతా ఉండాను. మిరపకాయల కళ్ళం కాడ నువ్వు ఇంగ్లీషు మొదలు పెట్టకముందే నవ్వినాడు, ఉదయగిరి అని రాయి వేసి చూస్తే చెవులు ఎర్రబడినాయి. మూడో దినం అడిగితే టూరు ఆఫీసోళ్ళు కూడా చెప్పినారు, నీ పేరే లేదని. నిన్ను ఆపాలంటే ఆ దినమే ఆపేవాణ్ణి."

"ఎందుకు ఆపలేదు మరి?"

ధనుంజయ గల్లాపెట్టె మీద లేని దుమ్ము తుడిచాడు. "గోతాం భుజాన వేసుకుని రైలెక్కతా ఉండావు. మన కొట్టు పేరు అంత దూరం పోవడం నేనెప్పుడు చూసినాను?"

అనుపమ కళ్ళు తుడుచుకుంది. ఆయన పాల్ వైపు తిరిగాడు.

"ఇంక మాట్లాడయ్యా. ఆ అబద్ధం ఇన్ని దినాలు ఎట్ట మోసినావు?"

పాల్ అనుపమ వైపు చూశాడు. ఆమె తలూపింది.

"సైకిలు కన్నా బరువండీ. పైగా మడతపడలేదు" అన్నాడు. ఆగి, మళ్ళీ అన్నాడు. "ఇంకోటి. మా ఊరోళ్ళు మళ్ళా పడుకోరండీ. కోట చూసుకుని పనికి పోతారు."

లోపలి నుంచి అవ్వ నవ్వు వినిపించింది.

"మాది బాప్టిస్టు చర్చి. మా అమ్మకు ఇంకా చెప్పలేదు. ఫ్రెండు సామాను ఇచ్చేదానికి పోతా ఉండానని వచ్చినాను."

అంతలో అతని జేబులో చర్చి పాట మోగింది. వీడియో కాల్, రెబెకమ్మ. పాల్ ఫోన్ తీసి, ఎత్తాలా వద్దా అని చూశాడు. ధనుంజయ చెయ్యి చాచి ఫోన్ లాక్కున్నాడు.

"ఎవరయ్యా మీరు? మావాడేడి?" అంది రెబెకమ్మ. ఆమె రిటైరైన టీచరు. ఆ గొంతుకు మునెయ్య కూడా చేతులు కట్టుకున్నాడు.

ధనుంజయ మీసం సవరించుకున్నాడు. "హలో మేడమ్. ఐ కుమార. శ్రీలంక. నో తెలుగు."

"అట్టనా. మరి మీ వెనకాల గోడ మీద కందిపప్పు, మినప్పప్పు అని తెలుగులో రాసుండాదే?"

ధనుంజయ వెనక్కి తిరిగి గోడ చూశాడు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి గిరాకీ ఆయన మొహం చదివింది.

"ఇంతకీ మావాడు సామాను ఇచ్చింది పిల్లోడికా, పిల్లకా? అది చెప్పండి చాలు."

"పిల్లకేనమ్మా" అన్నాడు ధనుంజయ నీరసంగా. "రేపు చర్చి అయినాక మీరు ఇంట్లో ఉంటారా? మేము ఉదయగిరి వద్దామనుకుంటా ఉండాము."

అటు వైపు నుంచి మెల్లగా నవ్వు. "రాండి. ఎంతమంది వస్తారో చెప్పండి, వంట చెయ్యాల."

అనుపమ నాన్న చేతిలోంచి ఫోన్ తీసుకుంది. కొట్టంతా నెమ్మదిగా తిప్పి చూపించింది. బియ్యం బస్తాల వెనక్కి నక్కుతున్న నాయన. అప్పటికే చీర మార్చుకోవడానికి లేచిన అవ్వ. గోతాంలో చెయ్యి పెట్టి గంట మోగించి చూస్తున్న మునెయ్య.

"ఇదిగోండమ్మా, వీళ్ళందరూ మా గ్రూపే."

"మరి మావాడు?"

అనుపమ ఫోన్ పాల్ మీదికి తిప్పింది.

"ఈయన కూడా ఉండాడండీ. ఈయన వల్లే రోజూ గ్రూపంతా లేటు."